నాలుక చివర ఉప్పు

తాటిపాక సెంటర్లో బస్సు దిగి మా ఊరు నగరం వెళ్ళే ఆటో కోసం చూస్తుంటే, అరటిపళ్ళ బండి పెద్దాయన నా ముఖం వంక కాసేపు పరీక్షగా చూసి, మీరు దర్జీ మస్తాన్ గారి తాలూకు కదండీ అన్నాడు. నేను ఊరు వదిలి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టడం మానేసి చాలాకాలమైంది. ఎలా పోల్చారని అడిగితే ముక్కు చూసి అన్నాడు. తాతయ్య ఆస్తిలో నా వాటాకి వచ్చింది ఆ ముక్కొక్కటే. అది బజారులో నిలబడితే కనిపించేంత ఆస్తి అని అప్పటిదాకా అనుకోలేదు. ఆయన పళ్ళు కాగితంలో చుడుతూ, "మహా కోపిష్టండి మీ తాతగారు. రంజాన్ నెలలో కూరలో ఉప్పు తగ్గిందంటే కంచం ఎత్తి కాలవలో పారేసేవోరంట. మా అమ్మ చెప్పేదండి" అన్నాడు. నా చిన్నప్పుడు ఆ కంచం పెరట్లో పడేది. ఇన్నేళ్ళలో కాలవ దాకా ప్రయాణం చేసిందన్నమాట. ఇంకో తరం గడిస్తే గోదావరిలో తేలుతుంది. నాకు తెలిసి తాతయ్య కంచం ఎత్తింది తను తిన్నది తనే కడిగి బోర్లించడానికి. అయినా నేను, "ఆయ్, మహా కోపమండి" అన్నాను. ఆయన జాలిపడి ఒక పండు ఎక్కువ వేశాడు.

వచ్చింది పెద్ద పనిమీద కాదు. కిందటి వానాకాలంలో అమ్మ పోయింది. అమ్మ లేకుండా వచ్చిన మొదటి రంజాన్ ఇది. మా తమ్ముడి కోడలు రేష్మా ఫోన్ చేసి, ఇల్లు బావురుమంటోంది అత్తయ్యా, నాలుగు రోజులుండి వెళ్ళండి అంది. ఆటోలో కూర్చున్నాక ఒక సంగతి తట్టింది. తాతయ్య కోపిష్టి కాడని తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద ముగ్గురే ఉండేవారు. మామ్మ ఎప్పుడో వెళ్ళిపోయింది. ఇప్పుడు అమ్మ. ఇక మిగిలింది నేను. నాకు సుగరుంది, బీపీ ఉంది, డాక్టరు దగ్గర మంచి పరపతి ఉంది. నేను కూడా వెళ్ళిపోతే ఆయన ఇక ఎప్పటికీ కోపిష్టిగానే ఉండిపోతాడు. అందుకని రాస్తున్నాను. ఎవరికీ చెప్పొద్దని మామ్మ గట్టిగా చెప్పింది. రాయొద్దని మాత్రం అనలేదు.

మా ఇంట్లో ఉర్దూ సలాంతో మొదలై ఖుదా హాఫిజ్‌తో అయిపోయేది. మధ్యలో ఉన్నదంతా తెలుగే. రోజా అనే మాట మా పేటకి టీవీతో పాటు వచ్చింది. మాకు అది ఒక్కపొద్దు. పక్కింటి సత్యవతిగారిదీ ఒక్కపొద్దే. వాళ్ళకి కొబ్బరితోట, వరిచేలు ఉండేవి. ఆవిడ కార్తీక సోమవారాలూ, పీడకల వచ్చినప్పుడల్లా శనివారాలూ ఉండేది. మాట ఒకటే గానీ చట్టాలు వేరు. కంచెకి అటొకరూ ఇటొకరూ నిలబడి ఆ చట్టాలు పోల్చుకోవడం మామ్మకీ ఆవిడకీ కాలక్షేపం. మాకు పాలు తాగొచ్చండి, పళ్ళు తినొచ్చండి, ఉప్పిండి చేసుకోవచ్చండి అని సత్యవతిగారు చెప్పుకొచ్చేది. మామ్మ అంతా విని, "మరి ఒక్కపొద్దు ఎక్కడుందండీ అందులో?" అనేది. "అదే నేనూ వెతుకుతున్నానండి బీబమ్మగారూ" అనేది ఆవిడ. మాది మంచినీళ్ళు కూడా లేని ఒక్కపొద్దని ఆవిడకి మా మీద గౌరవం. మాదే గొప్పదని మామ్మకీ ఉండేది గానీ, పైకి అనేది కాదు. ఆ నెలలో గొప్పలు పోవడం కూడా మంచిది కాదట.

ఏం చేస్తే ఒక్కపొద్దు పోతుంది, ఏం చేస్తే పోదు అన్న విషయంలో మా పేట ఆడవాళ్ళకి మామ్మే హైకోర్టు. పైన సుప్రీంకోర్టు మసీదులో హజ్రత్‌గారు. కానీ ఆడవాళ్ళ కేసులు అక్కడిదాకా వెళ్ళేవి కావు. ఈగ నోట్లోకి దూరి కడుపులోకి పోతే పోదు, పిలిచి మింగితే పోతుంది. కళ్ళకి సుర్మా పెట్టుకోవచ్చు, తలకి కొబ్బరినూనె రాసుకోవచ్చు. వాంతి దానంతటది వస్తే పోదు. పక్కవాడి చుట్ట పొగ ముక్కులోకి వస్తే పోదు గానీ, దగ్గర కూర్చుని పీలిస్తే పోతుంది. తెల్లారకముందు సహరీలో తిన్నది పంటి సందులో ఇరుక్కుని తర్వాత గొంతులో జారితే, అది సెనగగింజ కన్నా చిన్నదైతే పర్వాలేదు. ఈ సెనగగింజ కొలత మీద మా పిల్లల మధ్య చాలా చర్చ జరిగేది, ఎందుకంటే మా ఊళ్ళో సెనగలు ఒక్క సైజులో దొరికేవి కావు. అన్నిటికన్నా మాకు నచ్చిన తీర్పు మరోటి ఉంది. ఒక్కపొద్దున్న సంగతి మరిచిపోయి తింటే ఒక్కపొద్దు పోదు, అల్లా తినిపించినట్టు. ఆ సంగతి తెలిసిన నెలలో మా ఇంట్లో పిల్లలకి మతిమరుపు ఎక్కువైంది. నేను ఒకరోజు మధ్యాహ్నం రెండుసార్లు మరిచిపోయాను. మామ్మ నన్ను కూర్చోబెట్టుకుని, "అల్లా ఒకసారి తినిపిస్తాడే పిల్లా. రెండోసారి వడ్డించుకున్నది నువ్వే" అంది.

ఆ నెలలో మా ఇంటి వాసన మారిపోయేది. మామూలు రోజుల్లో పొద్దున్నే వచ్చే తిరగమోత వాసన సాయంత్రానికి జరిగేది. అసర్ నమాజు అయ్యాక మామ్మ పొయ్యి రాజేసేది. కొబ్బరి డొక్కలు ముందు పొగ కక్కి, కళ్ళు మండించి, తర్వాత బుద్ధిగా మండేవి. ఆ పొగలో అల్లం, ధనియాలు, నానబెట్టిన సెనగలు ఉడికే వాసన. ముందుగదిలోంచి కుట్టుమిషను నూనె వాసన, కొత్త గుడ్డ గంజి వాసన. ఖర్జూరాలు అప్పట్లో మాదాకా వచ్చేవి కావు. అరబ్బు దేశాలకి మావాళ్ళు అప్పుడప్పుడే వెళ్తున్నారు, ఇంకా ఖర్జూరాలు పంపే స్థాయికి రాలేదు. అందుకని పొద్దు గుంకి మగ్రిబ్ అజాన్ వినపడగానే మేం చిటికెడు ఉప్పు నాలుక మీద వేసుకుని ఒక్కపొద్దు విడిచేవాళ్ళం. సాసరులో ఉప్పు, పక్కన కొబ్బరిముక్కలు, అరటిపళ్ళు, గుగ్గిళ్ళు. అమ్మ ఆ సాసరు పట్టుకుని వరసగా అందరి ముందుకూ వచ్చేది. పొద్దుటినుంచీ ఎండిపోయిన నాలుక మీద ఆ ఉప్పు తగిలితే లోపల ఎక్కడో దీపం వెలిగినట్టుండేది. ఇప్పుడు అదే ఉప్పు తగ్గించమని నెలనెలా డబ్బిచ్చి చెప్పించుకుంటున్నాను.

తాతయ్యకి ఆ నెలే పెద్ద గిరాకీ. పండక్కి కొత్త బట్టలు కుట్టించుకోని ఇల్లు ఉండేది కాదు. మిషను కింద పెడలు టకటకమంటూ పగలంతా ఆడుతూనే ఉండేది, మాకు అదొక గడియారం. కాజాలు మాత్రం చేత్తోనే కుట్టేవాడు. సూదిలోకి దారం ఎక్కించడానికి దర్జీవాళ్ళు దారం కొస నోట్లో తడుపుతారు కదా, దానికీ మామ్మ దగ్గర తీర్పుంది. తెల్లదారమైతే తడుపుకోవచ్చు, రంగుదారమైతే కూడదు, రంగు ఉమ్మిలో కలిసి గొంతులోకి దిగితే ఒక్కపొద్దు పోతుంది. అందుకని రంజాన్ నెలంతా ఆయన మిషను పక్కన చిన్న గిన్నెలో నీళ్ళు ఉండేవి. తాతయ్య పొద్దస్తమానం ఆ నీళ్ళ పక్కనే కూర్చుని, అందులో దారం ముంచుతూ, చుక్క తాగకుండా పనిచేసేవాడు. ఎప్పుడూ ఒక మాట ఎక్కువ మాట్లాడేవాడు కాదు. జాకెట్టు బిగుతైందని గొడవకొచ్చిన వాళ్ళతో కూడా, మీరు ఈ మధ్య కాస్త తేరుకున్నారండీ అని వాళ్ళకే సంతోషం కలిగించి పంపేవాడు.

అలాంటి మనిషికి రంజాన్ సాయంత్రం మాత్రం కోపం వచ్చేది. మామ్మ కూర పొయ్యి మీద వేసిందని వాసన రాగానే ముందుగదిలో మిషను ఆగేది. ఆయన గొంతు సవరించుకునేవాడు. తర్వాత వీధి అరుగుల దాకా వినపడేలా, "ఏమండీ బీబమ్మగారూ! ఇవాళైనా ఉప్పు సరిగ్గా వేస్తారాండీ? లేకపోతే కంచం పెరట్లో ఉంటుందండి, తమరి ఇష్టం" అని కేక పెట్టేవాడు. కోపం వచ్చినప్పుడు మనిషికి గారు తగిలించడం మా వైపు ఆచారమే గానీ, ఆయన కేకలో ఉన్నన్ని అండీలు పెళ్ళిపిలుపులో కూడా ఉండవు. వంటింట్లో మామ్మ ఆ కేక కోసమే ఆగినట్టు గరిటె ఎత్తేది. ఎడమ అరచేతిలో ఒక్క చుక్క వేసుకుని, ఊది, నాలుక చివర తగిలించి, పొయ్యి పక్క బూడిదలో ఉమ్మేసి, నోరు పుక్కిలించేది. ఆ ఒక్క క్షణం కళ్ళు మూసుకునేది. తర్వాత చిటికెడు ఉప్పు వేసేదో, కాస్త చింతపండు పిండేదో. మిషను మళ్ళీ మొదలయ్యేది.

ఒక్కపొద్దులో ఉప్పు చూడొచ్చా అని నేను ఆశ్చర్యపోతే అమ్మ చెప్పింది. ఊరికే చూడకూడదు. మొగుడు కోపిష్టి అయితే, కూర బాగాలేకపోతే గొడవ చేసే మనిషైతే, అలాంటి ఆడమనిషి నాలుక చివర తగిలించి ఉమ్మేయవచ్చని చట్టంలో ఉందట. చట్టం చేసినవాళ్ళకి ఆడవాళ్ళ కష్టాలు కొంచెం తెలిసినట్టే ఉంది. పిల్లల చేత చూపించొచ్చు కదా అంటారేమో. చూపించేవారు. నేను ఇంకొంచెం చూస్తే గానీ చెప్పలేనంటూ గిన్నెలో పావు వంతు చూసేదాన్ని. అయినా పరాయి నాలుక మీద మామ్మకి నమ్మకం ఉండేది కాదు. చిత్రమేమిటంటే మిగతా పదకొండు నెలలూ తాతయ్య ఏం పెడితే అది తినేవాడు. ఒకసారి నేను ఆయన టీలో పంచదారకి బదులు ఉప్పు వేసి ఇచ్చాను. మొత్తం తాగి, గ్లాసు కడిగి, బాగుందమ్మా అని మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నేను చాలా భయపడ్డాను గానీ, ఆలోచించలేదు.

ఉప్పుకి సంబంధించిన తీర్పు మరొకటి కూడా అప్పుడే విన్నాను. మా వెనకవీధిలో ఫాతిమా అని కొత్తగా పెళ్ళైన అమ్మాయి ఉండేది. పెళ్ళైన నెలకే మొగుడు కువైట్ వెళ్ళిపోయాడు. ఆ రంజాన్ అంతా ఏడుస్తూనే ఉండేది. ఏడిస్తే ఒక్కపొద్దు పోతుందా అని మామ్మ దగ్గరికి వచ్చి మళ్ళీ ఏడ్చింది. మామ్మ గట్టిగా ఆలోచించి చెప్పింది. కన్నీళ్ళు ఒకటి రెండు చుక్కలు పెదాల మీదికి జారితే పర్వాలేదు. ఎక్కువైపోయి నోరంతా ఉప్పగా తగిలి, దాన్ని మింగేస్తే పోతుంది. "అందుకని, అమ్మాయీ, ఏడువు. నోరు మూసుకుని ఏడువు" అంది. మా వైపు ఆ మాట తిట్టు. మామ్మ నోట అది శాస్త్రం. ఫాతిమాకి ఏడుపులోనే నవ్వొచ్చింది. నోరు తెరిచి నవ్వింది.

తాతయ్య పోయింది పండగ దగ్గరపడ్డ రోజుల్లో. మధ్యాహ్నం జొహర్ నమాజుకి వెళ్ళొచ్చి మిషను మీద కూర్చున్నాడు. చుట్టూ కత్తిరించిన గుడ్డలు, ఎవరివో చిన్నపిల్లల లాల్చీలు. నేను వెనక వసారాలో ఉన్నాను. మిషను ఆగింది. వంటవేళ కాదు, కూర వాసన లేదు, ఆగాల్సిన పని లేదు. మామ్మ వసారాలోంచి తలెత్తింది. గొంతు సవరించుకున్న చప్పుడు కోసం చూసినట్టుంది. అది రాలేదు. మేం వెళ్ళేసరికి తాతయ్య మిషను మీద తల పెట్టుకుని ఉన్నాడు, చెయ్యి గుండె మీద ఉంది, ఊపిరి ఉంది. అమ్మ పరిగెత్తి నీళ్ళు తెచ్చింది. మామ్మ ఆయన తల ఒళ్ళోకి తీసుకుని గ్లాసు నోటి దగ్గర పెట్టి, "తాగండి. ప్రాణం మీదికొస్తే విడవచ్చండి. పోదు, నేను చెబుతున్నాగా, తాగండి" అంది. అంతకు ముందూ తర్వాతా మామ్మ అంత తొందరగా తీర్పు చెప్పడం నేను వినలేదు. నీళ్ళు పెదాల మీంచి గడ్డంలోకి జారిపోయాయి. తాగనన్నాడో, తాగలేకపోయాడో తెలీదు. డాక్టర్ని తీసుకురావడానికి సత్యవతిగారి భర్త మోటారుసైకిల్ తీశాడు గానీ, ఆయన వీధి మలుపు తిరగకముందే అంతా అయిపోయింది.

ఆ రోజు నేను చూసింది పెద్దయ్యాక గానీ పూర్తిగా అర్థం కాలేదు. ఇల్లంతా జనం. మా నాన్న పసిపిల్లాడిలా ఏడుస్తున్నాడు. అమ్మ ఏడుస్తోంది, సత్యవతిగారు ఏడుస్తోంది, రెండు వీధుల అవతలివాళ్ళు కూడా వచ్చి శక్తికొద్దీ ఏడుస్తున్నారు. మామ్మ మాత్రం గోడకి ఆనుకుని కూర్చుంది. పెదాలు బిగించి ఉన్నాయి. కళ్ళు నిండేవి, నిండినప్పుడల్లా చీరకొంగు రెండు కళ్ళ కింద గట్టిగా అదిమిపట్టి, చుక్క కిందికి జారకుండా అద్దేసేది. ఎవరైనా పలకరిస్తే తల ఊపేది గానీ నోరు తెరవలేదు. స్నానం చేయించారు, కఫన్ గుడ్డ చుట్టారు, ఆడవాళ్ళని ఆఖరిసారి చూడమన్నారు. మామ్మ ఆయన ముఖం వంక చాలాసేపు చూసింది. అప్పుడూ కొంగు కళ్ళ కిందే ఉంది. అసర్ తర్వాత మగవాళ్ళు జనాజా ఎత్తుకుని వెళ్ళిపోయారు.

మిగిలిన ఆడవాళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. చావింట్లో మాటలు మెల్లిగానే ఉంటాయి, అందరికీ వినపడేంత మెల్లిగా. కంట తడి లేదు చూడండి అంది ఒకావిడ. ఎందుకుంటుందమ్మా, రోజూ ఉప్పు ఉప్పని అరిచి చంపేవాడుగా, కంచాలు విసిరేవాడంట అంది ఇంకొకావిడ. పోన్లెండి, ఇకనైనా సుఖపడుతుంది అని మరొకరు. వాళ్ళకి మామ్మ మీద నిజంగానే జాలి ఉంది, అదే బాధ. ఆ మాటలు మామ్మ విన్నది. ఆమెకి చెవులు బాగానే పనిచేసేవి. నోరు తెరిచి ఒక్కమాట అంటే అందరూ ఆగేవారు. తెరవలేదు.

మగవాళ్ళు తిరిగొచ్చి మసీదుకి వెళ్ళారు. వెలుతురు తగ్గింది. అజాన్ మొదలైంది. ఎంత చావిల్లయినా ఒక్కపొద్దు విడవాలి కదా, అలవాటు కొద్దీ అమ్మ ఉప్పు సాసరు పట్టుకుని ముందుగా మామ్మ దగ్గరికి వచ్చింది. మామ్మ కొంగు వదిలేసింది. అంతే. మధ్యాహ్నం నుంచీ పట్టి ఉంచినదంతా ఒక్కసారి వచ్చింది. చప్పుడు పెద్దగా లేదు. నోరు తెరుచుకుని, తల గోడకి ఆనించి, జారుతున్నది జారుతున్నట్టే వదిలేసింది. బుగ్గల మీంచి పెదాల మీదికి, పెదాల మీంచి నోట్లోకి. అమ్మ సాసరు ఇంకాస్త ముందుకు జరిపింది. అత్తయ్యా, ఒక్కపొద్దు విడవండి అంది. మామ్మ సాసరు వంక చూసింది.

"అక్కర్లేదే. అయిపోయింది" అంది.

మూడురోజులు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. అన్నం ఇరుగుపొరుగువాళ్ళు పంపారు. సత్యవతిగారు చేసిన పప్పులో ఉప్పు లేదు. ఏడుస్తూ చేసిందో, ఒక్కపొద్దువాళ్ళకి ఉప్పు వేయకూడదేమోనని తనకి తోచిన చట్టం ప్రకారం చేసిందో అడగలేదు. నాలుగోరోజు సాయంత్రం అమ్మ పొయ్యి రాజేసి వంకాయకూర వేసింది. ముందుగది నిశ్శబ్దంగా ఉంది. మిషను మీద లాల్చీ అలాగే ఉంది, సూదిలో దారం ఎక్కించి ఉంది. కూర ఉడికాక అమ్మ గరిటె ఎత్తి, ఉప్పు చూడండత్తయ్యా అంది. మామ్మ చెయ్యి చాపింది. చుక్క అరచేతిలో పడింది. నాలుక దాకా తీసుకెళ్ళి ఆగి, దాని వంక చూసింది.

"ఎవరి కోపానికి చూడనే?" అంది.

అరచెయ్యి బూడిదలో తుడిచేసుకుంది. అమ్మకి అర్థం కాలేదు. నేను తలుపు దగ్గర కూర్చుని సెనగలు ఏరుతున్నాను. మామ్మ పొయ్యి వంక చూస్తూ చెప్పింది. నువ్వు కొత్తగా కాపరానికొచ్చిన ఏడాది గుర్తుందా, మసీదుకి పంపిన పులుసులో నువ్వొకసారి, నేనొకసారి ఉప్పు వేసేశాం, అక్కడ మగవాళ్ళంతా నవ్వేరు, ఇక నేను జన్మలో వండి పంపనని కూర్చున్నాను. అప్పుడు మీ మావయ్య వెళ్ళి హజ్రత్‌గార్ని అడిగేడు, ఒక్కపొద్దులో ఉప్పు చూసే దారి ఏమన్నా ఉందా అని. మొగుడు కోపిష్టయితే ఉందన్నారాయన. నీకు కోపమెక్కువా మియా అని అడిగేరంట. మీ మావయ్య కాస్త ఆలోచించి, ఆయ్, చాలా ఎక్కువండి అన్నాడంట. ఇంటికొచ్చి నాతో చెప్పేడు. మీకు కోపమెక్కడిదండీ అన్నాను. ఉందిలే, ఇన్నాళ్ళూ బయటపెట్టలేదంతే అన్నాడు.

"ఆ సాయంత్రమే మొదలెట్టేడే. మొదటి కేకకి వణికిపోయేడు పాపం, నీళ్ళు తాగలేడుగా" అంది మామ్మ.

అమ్మ గరిటె పట్టుకునే ఉంది. అయితే మావయ్యగారికి ఉప్పు పట్టింపు లేదా అని అడిగింది. పట్టింపేమిటే, ఆయనకి రుచే తెలీదు, పెళ్ళైన కొత్తలో విషజ్వరం వచ్చి తగ్గేక నాలుక చచ్చిపోయింది, ఉప్పూ పంచదారా ఒకటే ఆయనకి అంది మామ్మ. నాకు ఆ టీ గుర్తొచ్చింది.

అమ్మకి ఏడుపొచ్చింది, దాంతో పాటు కోపం కూడా. అమ్మ నోరు మూసుకునే ఏడ్చింది, ఆ తీర్పు మా ఇంట్లో అందరికీ వచ్చు. ఊరంతా ఏమంటోందో మీకు తెలుసా అత్తయ్యా, ఆయన పెట్టిన బాధలకి మీకు కన్నీళ్ళు రాలేదంటున్నారు, రేపే నేను అందరికీ చెప్పేస్తాను అంది. మామ్మ అప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుంది.

"చెప్పకే. ఆయనకి కోపం లేదని తేలితే, నేను ఇన్నేళ్ళూ హక్కు లేకుండా చూసినట్టే కదా. ఒక్కపొద్దులు పోవులే, మచ్చ పడుతుంది. ఆ మచ్చ పడకూడదని ఆయన అంత చెడ్డపేరు మోసేడు. ఇప్పుడు దింపేస్తే, మోసిందంతా ఊరికే పోద్ది."

ఆమె హైకోర్టు కాబట్టి అప్పీలు లేదు. అమ్మ చెప్పలేదు. నాన్నకి కూడా చెప్పలేదు. మామ్మ ఆ తర్వాత బతికిన అన్ని రంజాన్లలోనూ ఒక్కసారీ ఉప్పు చూడలేదు. కూరలు ఒకరోజు సముద్రం, ఒకరోజు చప్పిడి. ఎవరమూ ఏమీ అనలేదు. సాయంత్రం పూట కూర వాసన వచ్చే సమయానికి మామ్మ గరిటె పట్టుకుని కాసేపు ఊరికే ఆగేది. ముందుగదిలో మిషను మీద దుప్పటి కప్పి ఉండేది. తర్వాత గుప్పిట్లోకి ఎంతొస్తే అంత వేసేసేది.

ఇప్పుడు ఆ ముందుగదిలో ఫ్రిజ్జు ఉంది. మిషను ఎవరికిచ్చేశారో మా తమ్ముడికి గుర్తులేదు. డొక్కల పొగ లేదు, సహరీకి డబ్బా వాయించుకుంటూ లేపే ఫకీరు లేడు. ఫోన్ లేపుతుంది. ఖర్జూరాలు మాత్రం మూడురకాలున్నాయి, రేష్మా మొగుడు, మా మేనల్లుడు, ఖతార్ నుంచి పంపాడు. ఉప్పు సాసరు సంగతి ఎవరికీ తెలీదు. ఒక్కపొద్దు అన్న మాట కూడా రేష్మా నా ముందు మాత్రమే అంటుంది, నాకు అర్థం కావడానికి. దాని ఫోన్లో హైకోర్టులు, సుప్రీంకోర్టులు అన్నీ ఉన్నాయి. ఇన్‌హేలరు పీలిస్తే పోతుందా, సెలైన్ పెడితే పోతుందా, సుగరు పరీక్షకి వేలు పొడిస్తే పోతుందా అని అడిగితే క్షణంలో చెబుతున్నాయి. మామ్మ కన్నా వేగమే. ఒప్పుకోవాలి. మామ్మ చెప్పేముందు ఆలోచించేది, అడిగినమ్మాయి ముఖం వంక చూసేది. దానికి కాస్త టైము పట్టేది.

మొన్న సాయంత్రం రేష్మా వంట చేస్తూ ఫోన్లో ఏదో చదివి ఫక్కున నవ్వింది. ఇది విన్నారా అత్తయ్యా, మొగుడు కోపిష్టి అయితే ఆడవాళ్ళు ఉప్పు చూడొచ్చంట అంది. విన్నానమ్మా అన్నాను. "మా ఆయనకి కోపం రావాలంటే ముందు సిగ్నల్ రావాలండి" అంది. నవ్వుతూనే అంది గానీ, అన్నాక కాసేపు గిన్నెలో గరిటె తిప్పుతూ ఉండిపోయింది. రెండేళ్ళయింది వాడు వచ్చి. వీడియోలో ఇక్కడి కూర చూస్తాడు, అక్కడి మెస్సులో పెట్టింది తింటాడు. దీని కూరలో ఉప్పు తక్కువైందని అరవడానికి మనిషి లేడు. అరిచినట్టు నటించడానికి అసలే లేడు. మనుషులు అప్పటికన్నా ఇప్పుడు చెడ్డవాళ్ళయిపోయారని నేను అనను, అది నిజం కాదు కూడా. కోపం వచ్చిందని అంత శ్రద్ధగా అబద్ధమాడే తీరిక ఇప్పుడు ఎవరికీ లేదు, అంతే.

అజాన్‌కి ఇంకా కాస్త టైముంది. రేష్మాకి ఏదో తోచి, "అత్తయ్యా, మీకు ఒక్కపొద్దు లేదుగా. కాస్త ఉప్పు చూసి పెట్టండి" అంది. నిజమే. డాక్టరు మానిపించాడు. నాకు హజ్రత్‌గారి అనుమతి అక్కర్లేదు, ఎవరి కోపమూ అక్కర్లేదు. గిన్నెడు తిన్నా, కడివెడు ఏడ్చినా పోయేదేమీ లేదు. చెయ్యి చాపాను. చుక్క అరచేతిలో పడింది. కుడిచేయి ఖాళీగానే ఉన్నా ఎడమచేయే చాపానని అప్పుడు చూసుకున్నాను. ఊది, నాలుక చివర తగిలించాను.

కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డాను. ముందుగదిలో ఫ్రిజ్జు గుర్రుమని ఆగింది.

సరిపోయిందా అని అడిగింది రేష్మా. బుగ్గల మీంచి జారిన ఉప్పు నోట్లో అప్పటికే ఉంది, కూరలో ఎంతుందో తెలియలేదు. సరిపోయిందమ్మా అన్నాను.